మార్త కొట్టులో ఆడిన సినిమా

గుణదలలో మార్త దగ్గర జాకెట్టు కుట్టించుకోవడం అంత తేలికైన పనేం కాదు. చెప్పిన రోజుకి ఇవ్వదు. గట్టిగా అడిగితే "పక్క కొట్లో ఇచ్చుకోండి, నేనేమన్నా మిమ్మల్ని పట్టుకు కూర్చున్నానా?" అని మొహం మీదే అనేస్తుంది. అయినా ఆ సందులో ఆడవాళ్లు పక్క కొట్టుకి పోరు. కుట్టు బాగుంటుందన్నది నిజమే గానీ, అసలు కారణం ఇంకొకటుంది. మార్త కొలత తీస్తే ఆ అంకె పైకి అనదు. ఎవరి నడుము ఎంత పెరిగిందో, ఎవరి వీపు మీద వాత ఎందుకు తేలిందో, పెళ్లి కుదిరిన పిల్ల జాకెట్టు ఎందుకు వదులు చేయాల్సి వచ్చిందో, అన్నీ ఆవిడ కొట్టు మూలనున్న నీలం పరదా వెనకే ఉండిపోతాయి.

మొగుడు ఆరోన్ కొండపల్లి థర్మల్ స్టేషన్‌లో పని చేస్తాడు. ఉత్తముడే గానీ కాస్త కుతూహలం ఎక్కువ. ఫలానావిడ ఎందుకొచ్చింది అని అడిగాడంటే "నీ బాయిలర్ సంగతులు నేనెప్పుడన్నా అడిగానా?" అంటుంది మార్త. మంగళగిరిలో మేనత్త దగ్గర కుట్టు నేర్చుకునేటప్పుడే ఈ పద్ధతి కూడా నేర్చుకుంది. మార్త ఎవరి కొలతో పైకి అన్నందుకు ఆ మేనత్త ఒకసారి చెంప పగలగొట్టిందట.

ఛాయాదేవి సంగతి కూడా ఆ పరదా వెనకదే. సందు మొదట్లో బియ్యం కొట్టు తిరుపతిరావు గారి భార్య ఆవిడ. ఎవరింట్లో ఏ పనైనా ముందు నిలబడే మనిషి. గొంతు విప్పిందంటే సందు చివరికి వినిపిస్తుంది. ఆ మధ్య హైదరాబాదు వెళ్లి పిత్తాశయంలో రాళ్లు తీయించుకొచ్చిందని అందరికీ తెలుసు. తీసింది రాళ్లు కాదని, ఎడమ రొమ్మని, వీధిలో తెలిసింది మాత్రం ఇద్దరికే: తిరుపతిరావు గారికి, మార్తకి. కొడుక్కి చెప్పలేదు. కోడలు శ్రీదుర్గకి అసలే చెప్పలేదు. "అయ్యో పాపం అని ఒక్కళ్లు అన్నా నేను బతకలేను మార్తా" అంది ఛాయాదేవి, మొదటిసారి పరదా వెనక పైట తీసినప్పుడు. అప్పట్నుంచి ఆవిడ జాకెట్లకి ఎడం పక్క లోపల దూది పొర పెట్టి, పైకి ఇసుమంత తేడా తెలియకుండా కుట్టి ఇస్తోంది మార్త. ఆ జాకెట్లు మాత్రం మార్త చెప్పిన రోజుకే ఇస్తుంది.

ఇలాంటి మనిషి కొట్లోకి కెమెరా వచ్చింది.

తెచ్చింది కీర్తన. బేకరీ వాళ్ల మేనకోడలు, డిగ్రీ చదవడానికి ఈ ఏడే ఏలూరు నుంచి వచ్చింది. తనూ, తన స్నేహితులూ కలిసి సందులో ఒక్కో కొట్టు మీద ఒక్కో చిన్న సినిమా తీశారు. ఏ కొట్టు సినిమా ఆ కొట్టులోనే వేస్తారు, జనం ఒకదాని తర్వాత ఒకటి నడిచి వెళ్లి చూడాలి. ఒకటే షరతు: కొట్టు వాళ్లు కూడా తమ సినిమా జనంతో కలిసే చూడాలి. ముందే చూపిస్తే సిగ్గుపడి అది తీసెయ్, ఇది తీసెయ్ అంటారని కీర్తన భయం.

మార్త మొదట గునిసింది గానీ, లోపల చెప్పలేనంత సంబరపడింది. షూటింగు రోజున పెళ్లికి కట్టే చీర కట్టింది. ఆదివారం సాయంత్రం వీధంతా తన కొట్టు ముందు కూర్చుని తనని చూస్తుందన్న ఊహకే వారం రోజులు నిద్ర సరిగా పట్టలేదు.

ఆ ఆదివారం వచ్చింది. ముందు బేకరీలో ఆడింది, అందరూ తలా ఒక పఫ్ తిన్నారు. తర్వాత యేసుబాబు సెలూన్. తెర మీద ఖాళీ కుర్చీ ఒక్కటే కనిపిస్తోంది. మనిషి లేడు. వెనక గదిలోంచి గొంతు వినిపిస్తోంది, యేసుబాబు ఫోన్లో పెళ్లాంతో మాట్లాడుతున్నాడు: "నాకు ఊపిరాడ్డం లేదే, ఐదుగురు లైన్లో ఉన్నారు, మీ తమ్ముడింటికి నువ్వెళ్లిరా!" జనం పగలబడి నవ్వారు. వాళ్లావిడ అక్కడికక్కడే అతని వీపు మీద ఒక్కటిచ్చింది. "చొక్కాకి మైకు ఉందన్న సంగతే మర్చిపోయాను రా దేవుడా" అని యేసుబాబు మొత్తుకుంటుంటే మళ్లీ నవ్వులు.

మార్త కూడా నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది.

తనకీ పెట్టారు ఆ మైకు. పైట అంచున, సూదులూ పిన్నీసులూ గుచ్చుకునే చోటే. పొద్దున్న లేస్తే ఆవిడ పైటకి అరడజను పిన్నీసులు ఉంటాయి. వాటిలో అదీ ఒకటైపోయింది. కెమెరాని ఆపకుండా స్టాండు మీదే వదిలేసి కీర్తన వాళ్లు టీకి వెళ్లారు. అప్పుడొచ్చింది ఛాయాదేవి, కొత్త జాకెట్టు వేసి చూసుకోవడానికి. "రండి" అని పరదా వెనక్కి తీసుకెళ్లింది మార్త. ఎవరూ లేరుగా అని ఇద్దరూ మామూలుగానే మాట్లాడుకున్నారు. ఇప్పుడా మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

తర్వాతి కొట్టు తనదే. అప్పటికే కుర్రాళ్లు తెర తీసి మడత పెడుతున్నారు. జనం లేచారు. మార్త గుంపులోంచి తోసుకుంటూ కీర్తన చెయ్యి పట్టుకుంది.

"కీర్తనా, నా సినిమాలో పరదా వెనక మాటలు పెట్టావా?"

పిల్ల కళ్లు మెరిశాయి. "అసలు సినిమానే అది ఆంటీ! చూడండి, అందరూ ఏడుస్తారు."

"తీసెయ్ తల్లీ. నీకు దణ్ణం పెడతాను."

"ఎందుకాంటీ? మొహాలేం కనపడవు, పరదాయేగా. ఆవిడెవరో నాకే తెలీదు, ఇంక వీళ్లకేం తెలుస్తుంది?"

నీకు తెలీదే పిచ్చిదానా, ఈ సందులో పాలబ్బాయి కూడా పోల్చుకుంటాడు ఆ గొంతుని! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఈ పిల్లకి తెలిసిపోతుంది. చెప్పకపోతే వీధికే తెలిసిపోతుంది. సరే, ఒక్కదానికే కదా అని తెగించి "ఆ గొంతు..." అని మొదలుపెట్టిందో లేదో, పక్కకి శ్రీదుర్గ వచ్చి నిలబడింది.

"ఏంటాంటీ, అలా ఉన్నారు? మీ హీరోయిన్ వేషం చూడ్డానికి మా అత్తయ్య పొద్దున్నుంచీ తొందరపెడుతోంది."

కీర్తన నవ్వుతూ "మొదట అందరూ ఇలాగే అంటారు ఆంటీ, చూశాక మీరే థాంక్స్ చెబుతారు" అని చెయ్యి విడిపించుకుని వెళ్లిపోయింది. ఈ కాలం పిల్లలకి ఎదుటివాళ్ల భయం కూడా సిగ్గులాగే కనిపిస్తుంది కాబోలు.

మిగిలింది ఒక్కటే దారి. ఛాయాదేవి మెల్లగా నడిచి వస్తుంటే మార్త ఎదురెళ్లింది.

"ఛాయమ్మగారూ, మీరు ఇంటికెళ్లండి."

"ఏం?"

"నా మాట విని వెళ్లండి. రేపొచ్చి చెబుతాను."

చుట్టూ మనుషులు. అంతకన్నా ఏం చెప్పగలదు? ఛాయాదేవి మొహం చిన్నబోయింది. "నీ సినిమాకి నన్ను రావద్దంటావా మార్తా? నీ గురించి నలుగురికీ చెప్పి తీసుకొచ్చిందే నేను" అని, విసురుగా వెళ్లి ముందు వరసలో కుర్చీ లాక్కుని కూర్చుంది. శ్రీదుర్గ పక్కన కూర్చుంది.

షట్టర్ దించేద్దామంటే ఆరోన్ ఎప్పుడో కొట్టు కడిగి, సీరియల్ లైట్లు కూడా పెట్టించాడు, కుర్రాళ్లు అప్పుడే తెర కట్టేశారు. మార్తని తెర పక్కన, ఆవిడ మిషను ముందే, జనానికి ఎదురుగా కూర్చోబెట్టారు. స్పీకరు జనం వెనకాల కీర్తన దగ్గర ఉంది. దాని దాకా పోవాలంటే నలభై కుర్చీలు దాటాలి.

సినిమా మొదలైంది. మార్త చేతులు, కత్తెర, రంగు రంగుల దారపు ఉండలు. ఎంత బాగా తీసిందో ఆ పిల్ల! జనం చప్పట్లు కొట్టారు. ఆరోన్ మొహం వెలిగిపోతోంది. మార్త మాత్రం తెర చూడటం లేదు, ఛాయాదేవినే చూస్తోంది. ఆవిడ కోపం మర్చిపోయి చిన్నపిల్లలా చూస్తోంది. అలా చూస్తూ చూస్తూ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. తెర మీద నీలం పరదా, దాని కింద రెండు జతల పాదాలు. ఒక జతకి ఆవిడ మట్టెలే ఉన్నాయి.

స్పీకరులోంచి గొంతు వచ్చింది. "ఎడం పక్క..."

మార్త మిషను మోటారు పెడలు మీద కాలు వేసి తొక్కేసింది.

గుడ్డ లేదు, దారం లేదు. ఉత్త సూది టకటకా కొట్టుకుంటోంది. రేకుల కప్పు కింద ఆ మోత చెవులు చిల్లులు పడేలా ఉంది. "ఏయ్, ఆపండి!" అని అరిచారు వెనకనుంచి. "మార్తా, ఏంటిది, పిచ్చిగాని పట్టిందా?" ఆరోన్ లేచి నిలబడ్డాడు. "తన సినిమా తనే పాడుచేసుకుంటోంది, పొగరు కాకపోతే" అన్నాడు యేసుబాబు. కీర్తన ఏడుపు గొంతుతో "ఆంటీ, ప్లీజ్!" అంటోంది. మార్త తల వంచుకుని ఇంకా గట్టిగా తొక్కింది. కళ్లలోంచి నీళ్లు మిషను మీద పడుతున్నాయి. వారం రోజులు కలగన్న సినిమా ఇది. రేపట్నుంచి తనని పొగరుబోతంటారు, పిచ్చిదంటారు, అననీ. ఇంకో నిమిషం గడిస్తే చాలు ప్రభువా, ఇంకొక్క నిమిషం!

టప్‌మని మోటారు బెల్టు జారిపోయింది.

సూది ఆగింది. కొట్టంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఛాయాదేవి గొంతు, అందరూ ఎరిగిన గొంతు, స్పష్టంగా వినిపించింది: "...కోడలు నిన్న ఎందుకో అటే చూసింది మార్తా. దానికి గనక తెలిస్తే..."

ముందు వరసలో కుర్చీ ఒకటి వెనక్కి పడింది. శ్రీదుర్గ లేచింది. ఎవర్నీ చూడకుండా నేరుగా కొట్లోకి వచ్చి, గోడ వారనున్న కాలితో తొక్కే మిషను ముందు కూర్చుంది. రెండు కాళ్లూ వేసి తొక్కింది. ఆ పిల్లకి కుట్టు రాదు. చక్రం ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ తిరుగుతూ, పాత మిషను కీచుమంటూ గడగడలాడింది. శ్రీదుర్గ పళ్లు బిగించి తొక్కుతూనే ఉంది. తెర మీద పరదా పోయి, మార్త మొహం వచ్చి, అదీ పోయి, చీకటయ్యేదాకా ఆపలేదు.

ఎవరికేం అర్థమైందో తెలీదు. రొమ్ము అన్న మాట గానీ, ఆపరేషను అన్న మాట గానీ ఎవరి చెవినా పడలేదు. జనం గొణుక్కుంటూ తర్వాతి కొట్టుకి వెళ్లిపోయారు. కీర్తన మార్త వైపు చూడకుండా తెర విప్పుకుపోయింది. ఆరోన్ ఏదో అడగబోయి, పెళ్లాం మొహం చూసి, కుర్చీలు సర్దే పనిలో పడ్డాడు.

ఛాయాదేవి ఇంకా కుర్చీలోనే ఉంది. కోడలి వైపు చూసి, ఆ పిల్లకీ మార్తకీ మాత్రమే వినపడేంత చిన్న గొంతుతో అడిగింది.

"నీకు ముందే తెలుసా?"

శ్రీదుర్గ మిషను దగ్గర్నుంచి లేచి వచ్చి, అత్తగారి పైట సర్దింది.

"మేడ మీంచి బట్టలు తెచ్చేది నేనే కదత్తయ్యా. మీ జాకెట్లకి ఎడం పక్క ఒక్కటే ఎప్పుడూ ఆరదు."