రంగమ్మక్క ఎముకలకు మా బావ కాపలా

నిన్న పొద్దున కోవిల్‌పట్టి నుంచి ఫోన్. మా రంగమ్మక్క ఇక లేదు.

నమ్మలేకపోయాను. ముందురోజే కదా, చూడ్డానికి రావడం లేదని ఫోన్‌లో నన్ను తిట్టింది.

గుండె ఆగిపోయిందట. ఎముకలు కాదు, గుండె. ఎందుకు చెబుతున్నానంటే, మా బావ ఇన్నేళ్ళూ కాపలా కాసింది ఎముకలకు.

అక్క వాళ్ళది కోవిల్‌పట్టి దగ్గర, కళుగుమలై పక్క పల్లె. ఒక ఏడు పెరట్లో జారిపడి మణికట్టు విరిగింది. మదురైలో స్కాన్ తీసి ఎముకలు గుల్లబారాయన్నారు. వారానికొక టాబ్లెట్. పరగడుపున పెద్ద గ్లాసుడు నీళ్ళతో మింగి, అరగంట నడుం వాల్చకూడదు.

మందు పనిచేస్తోందో లేదో తెలిసేది రెండేళ్ళ తర్వాతే. అదే మెషీన్ మీద మళ్ళీ స్కాన్. తొందరపడి తీస్తే ఏమీ తెలియదన్నాడు డాక్టర్.

బావ దానికి తన రూల్ ఒకటి చేర్చాడు. ఆ రిపోర్ట్ బాగా వచ్చేదాకా అక్క వాకిలి దాటకూడదు. చేనికి వద్దు, సంతకు వద్దు.

బావ చెడ్డవాడు కాడు. అదే చిక్కు. చెడ్డవాడైతే అక్క పోట్లాడి ఉండేది.

నేను విరుదునగర్ నుంచి చూడబోతే అంది: "జైల్లో ఉండేవాళ్ళకైనా తేదీ చెప్తారు తమ్ముడా. నాకు ఆ మిషనే జడ్జి."

రెండేళ్ళకు మళ్ళీ మదురై. తోడుగా నేనూ వెళ్ళాను.

ఎముక గట్టిదనం చూపే నంబరు అదే. పెరగలేదు, తగ్గలేదు.

బావ ముఖం వాడిపోయింది. డాక్టర్ మాత్రం మందు పనిచేస్తోందన్నాడు. నాకు ఇలాంటివి అడిగి తెలుసుకోవడం ఒక జబ్బు, అడిగాను. ఎముకలో ఒక ముఠా తవ్వుతూ ఉంటే ఇంకొకటి పూడుస్తూ ఉంటుందట. వయసు మళ్ళితే తవ్వేవాళ్ళది పైచేయి. మందు వాళ్ళ చేతులు పట్టుకుంటుంది. ఉన్నది నిలిచిందంటే గెలిచినట్టే.

బావ వింటేనా.

"పెరగలేదు గదా. ఇంగ రెండేండ్లు చూస్తాం."

తిరుగు బస్సులో అక్క ఎండిన చేలు చూస్తూ నన్నడిగింది. "ఇదో, వానే లేని ఏడు మన బాయిలో నీళ్ళు దిగకుండ నిలిచుంటే ఏమంటావు?"

"మంచి ఏడే అంటా."

"నా ఎముకా అంతే గదా."

కోవిల్‌పట్టిలో బావ ముందు దిగి, అక్క చెయ్యి పట్టుకుని దించాడు.

మరుసటి వారం అక్క సంతకు బయల్దేరింది. ఆయన ఆపలేదు. వెనకాలే నడిచాడు, రెండు చేతులూ చాచి, కోడిపిల్లను పట్టబోయేవాడిలా. వంకాయలు ఏరబోతే వంగొద్దన్నాడు. బస్సులో కండక్టర్ మొదలు అందరికీ ఆమె ఎముకల సంగతి చెప్పాడు.

"ఇదేమన్నా బయటికి పోవడమా తమ్ముడా? ఇల్లే నా వెనకాల నడిచొస్తుండాది."

ఆ తర్వాత ఏ స్కాన్‌లోనూ నంబరు దిగలేదు. బావ కూడా దిగిరాలేదు. ఒక్కసారి, ఒంటరిగా, వీధి చివరిదాకా. అక్క అడిగింది అంతే. జరగలేదు.

నిన్న సాయంత్రం అక్కను మోసుకుని అందరం శ్మశానానికి బయల్దేరాం. బావ అరుగు మీదే ఉండిపోయాడు. లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

అక్కా, ఈసారి నీ వెనక ఆయన లేడు. చేతులూపుకుంటూ, నీకు నచ్చినంత జోరుగా నడువు.

పోయిన చోట నీ మనసు ప్రశాంతంగా ఉండాలి తల్లీ.