మంచం కింద బంగినపల్లి పెట్టె

1986 మేలో నేను నూజివీడులో ఉద్యాన అధికారిని. మన బంగినపల్లిని జర్మనీ వ్యాపారులకు రుచి చూపించే పని నా మీద పడింది. వెంట మూడు పెట్టెల పచ్చికాయ, ఆగిరిపల్లి రైతు వెంకటరత్నంగారు. శుక్రవారం జర్మనీలో దిగాం. రుచి పరీక్ష ఆ పై శుక్రవారం. అది నెగ్గితేనే మరుసటి ఏడాది మా రైతులకు ఆర్డరు.

దిగగానే పెట్టెలను చలిగదికి పంపమన్నాను. ఎగుమతి పండ్లకు సర్క్యులర్ అలాగే చెప్పింది. "పచ్చికాయకి చలి తగిలితే మాగదండి. గడ్డిలో వెయ్యాలి" అన్నారు వెంకటరత్నంగారు. నేను వినలేదు. పెట్టెలు అప్పగించే పని ఆయనకే వదిలి ఫారాలు నింపుతూ కూర్చున్నాను.

ఆదివారం మా దుబాసీ మమ్మల్ని బస్సులో ఒక పాత కోటకు తీసుకెళ్లాడు. ఎనిమిది వందల ఏళ్ల నాటిదట. పంచె మీద స్వెట్టరు తొడుక్కున్న మా రైతు గోడల మందం చేత్తో కొలిచి, "ఇంత రాయి పేర్చారు, నాలుగు చెట్లు వేసుకోలేదేంటండీ?" అన్నారు. నాకు సింహాసనం గది చూడాలని ఆత్రం. ఆయన మాత్రం ఖైదీల కొట్టు దగ్గర ఆగిపోయారు. ఆనాటి ఖైదీలు ఎలా పడుకునేవారో చూపడానికి నేల మీద గడ్డి పరిచారు. వెంకటరత్నంగారు అడ్డంగా కట్టిన తాడు దాటి వంగి, గుప్పెడు గడ్డి తీసి వాసన చూశారు. కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. సిగ్గుతో నా తల తీసేసినట్టయింది.

"గోధుమ గడ్డండీ. వరిగడ్డి కాదు గానీ, బాగా ఆరింది. ఓ మోపు ఇమ్మని అడగండి సార్" అన్నారాయన. దేనికని అడిగాను.

"ఓ పెట్టె నా మంచం కింద ఉందండి."

నా కోపం నషాళానికంటింది. ప్రభుత్వ సరుకు అది! కానీ కోట వాకిట్లో తగవు పడితే పోయేది మన పరువేనని నోరు మూసుకున్నాను. దుబాసీ సంగతంతా చెబితే కాపలావాడు నవ్వి, గుర్రపుశాల నుంచి ఒక మోపు తెచ్చి ఇచ్చాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆయన బస్సెక్కారు. నేను రెండు సీట్లు వెనక కూర్చున్నాను. ఆ సాయంత్రమే ఆయన గదిలో ఒక వరస గడ్డి, ఒక వరస కాయ పేర్చి పైన దుప్పటి కప్పారు.

శుక్రవారం చలిగది పెట్టెలు తెరిచాం. తొక్క మీద నల్ల మచ్చలు, కోస్తే లోపల పచ్చిసొరకాయ రుచి. వ్యాపారులు మర్యాదకు ఒక ముక్క తిని చాకులు కింద పెట్టేశారు. అప్పుడు వెంకటరత్నంగారు తన పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు. మూత తీయకముందే గదంతా వాసన. ఆర్డరు వచ్చింది.

నివేదికలో చలిగది నిర్ణయం నాదని, గడ్డిలో మాగబెట్టింది వెంకటరత్నంగారని రాశాను. పై అధికారి ఆ రెండు వాక్యాలూ కొట్టేసి, "శాఖ పర్యవేక్షణలో మాగబెట్టడమైనది" అని దిద్దారు. నేను సంతకం పెట్టాను. ఆ సంతకానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఏ తోటకు వెళ్లినా, సర్క్యులర్ చదివే ముందు "మీరెలా చేస్తారండీ?" అని రైతునే అడిగాను.