పేలని తూటా

పందొమ్మిది వందల నలభై మూడు ఎండాకాలంలో మా దళాన్ని కార్వేటినగరం కొండల్లో దించారు. రాతినేల, తుమ్మముళ్లు, తాగడానికి ఉప్పునీళ్లు. అడవియుద్ధం నేర్పి బర్మా వైపు పంపుతారట. ఎక్కడున్నామో ఇంటికి రాయకూడదని ఆర్డరు. బాగుంది కదా! మా ఊరు ఆ కొండకు అవతలి పక్కనే. పెళ్లయిన ఆరో నెలలో వదిలి వచ్చిన నా భార్య కనకమ్మ ఆ ఊళ్లోనే ఉంది. గాలి అటునుంచి వీస్తే చాలు, ప్రాణం అటే లాగేది.

వారం తిరగకముందే పెద్దపులి మా కంచరగాడిదను ఎత్తుకుపోయింది. కెప్టెన్ దొర దగ్గర ఏనుగును పడగొట్టే వేట రైఫిలు ఉంది, తూటాలు లేవు. యుద్ధంతో ఇంగ్లండు నుంచి సరుకు ఆగిపోయింది. పేలిన పాత తూటాల గొట్టాల్లో మళ్లీ మందు నింపే పని ఆయుధాల హవల్దారుకూ నాకూ పడింది. తూటాలు కుదిరితే ఒక పూట సెలవిస్తానన్నాడు దొర. నాకింకేం కావాలి!

హవల్దారుది పుత్తూరు. కంసాలి దగ్గర త్రాసు అడిగి తెచ్చి మందు తూచేవాడు. నిప్పు పుట్టించే రాగి టోపీలు నేను గొట్టాలకు బిగించేవాణ్ణి.

"బిన్నా కానీ అన్నా," అని తొందరపెట్టేవాణ్ణి.

"మందు ఒక్క పలుకు ఎక్కువైతే మన మొగానే పగులుతాదప్పా. పెండ్లాం మింద ధ్యాస దీని మింద పెట్టు."

పరీక్ష రోజు రైఫిలును దుంగకు బిగించాం. ట్రిగ్గరుకు తాడు కట్టి, మట్టికట్ట వెనక పడుకుని లాగాను. మొదటి రెండూ కొండ అదిరేలా పేలాయి. మూడోది టిక్కుమని ఊరుకుంది. అలాంటప్పుడు అరగంట లేవకూడదు. లోపల నిప్పు రాజుకుంటూ ఉండవచ్చు.

"కదలబాక," అన్నాడు హవల్దారు.

అప్పుడే ఎదుటి గుట్ట పక్క దారిన కట్టెల మోపులతో ఆడవాళ్లు దిగుతున్నారు. కావలివాడు ఎర్రజెండా ఊపి దూరం నుంచే మళ్లించాడు. చివరి మనిషి ముళ్లు గీరుకోకుండా చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుంది. నీలం చారల చొక్కా. నాది!

"అన్నా, నా పెండ్లాం."

"పిలిస్తే యాడికి ఉరికొస్తాదో సూసుకో."

చూశాను. ఆమెకూ నాకూ మధ్య ఆ రైఫిలు నోరు ఉంది. పిలిస్తే మోపు పారేసి నేరుగా వస్తుంది, కావలివాడు ఆపినా ఆగదు. నోట్లో తువ్వాలు కుక్కుకుని పడుకున్నాను. ఏడుపు ఆగలేదు. ఆమె ఎవరి మాటకో నవ్వుకుంటూ మలుపు తిరిగిపోయింది.

అరగంటకు తూటా బయటికి తీశాం. టోపీ మీద దెబ్బ పడింది, మందు అంటుకోలేదు. సెలవూ లేదు, ఏమీ లేదు. రెండు రోజులకే రేణిగుంటలో రైలెక్కించారు.

యుద్ధం ముగిశాక ఇల్లు చేరాను. కనకమ్మ అన్నం పెడుతుంటే అంతా చెప్పాను. గరిటె కింద పడేసింది.

"పిలిచింటే ఉరుక్కుంటా రానా నేను?"

"వస్తావనే పిలవలేదే."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇన్నేళ్లుగా ఆమె నా కళ్లెదుటే తిరుగుతోంది. అయినా ఆమె పేరు నోటికొచ్చిన ప్రతిసారీ ముందు కనిపించేది ఆ వీపే. నా చొక్కాలో, మోపు కింద వంగి, దిగువకు వెళ్లిపోతూ ఉంటుంది.