సదాశివరావు మాస్టారు రాసిన కన్ఫెషన్

ఘాజియాబాద్‌లో మా అపార్ట్‌మెంట్లలో సదాశివరావు మాస్టారంటే అందరికీ గౌరవం. నాకు మాత్రం అసహ్యం.

ఆయనది నరసరావుపేట. పాతికేళ్ల కిందట సివిల్స్ రాయడానికి ఢిల్లీ వచ్చాడు, నాలుగుసార్లు తప్పాడు, ఇక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు తన హాల్లోనే పోటీ పరీక్షల పిల్లలకు ఇంగ్లీషు చెబుతాడు. మా అమ్మాయి వీణ కూడా వెళ్తుంది. నేరాలు, చట్టాలు, శిక్షల మాటలంటే ఆయనకు ప్రాణం. చెప్పకుండా తీసుకెళ్తే థెఫ్ట్, కొట్టి లాక్కుంటే రాబరీ, దొంగతనానికి ఇంట్లో దూరితే బర్‌గ్లరీ అంటూ వేళ్లు మడిచి చెబుతాడు. ఎవరైనా ఒకదానికి బదులు ఇంకొకటి రాస్తే ఉతికి ఆరేస్తాడు.

కోటయ్య మా గేటు దగ్గర కాపలాదారు. శ్రీకాకుళం వైపు మనిషి, నోట్లో వేలు పెట్టినా కొరకడు. మొన్న మార్చిలో సెక్రటరీ రాజగోపాల్ గారి మనవడి సైకిలు కనిపించలేదు. మా దగ్గరో దిక్కుమాలిన ఆనవాయితీ ఉంది. ఏ వస్తువు పోయినా పోలీసుల దాకా వెళ్లరు. కాపలావాడు తప్పు ఒప్పుకున్నట్టు ఇంగ్లీషులో కాగితం రాసి, సంతకం పెట్టించుకుని పంపేస్తారు. ఆ రాత పని మాస్టారిది.

రాశాడు. పైన కన్ఫెషన్ అని శీర్షిక, కింద థెఫ్ట్ చేశానని నాలుగు వాక్యాలు, ఒక్క తప్పు లేకుండా.

"ఏటి రాసినారు బాబూ?" అని కోటయ్య బెదురుగా అడిగాడు.

"ఏం లేదయ్యా, పని మానేస్తున్నావని. సంతకం పెట్టు" అన్నాడు మాస్టారు.

మన తెలుగాయనే కదా అని పెట్టాడు. సాక్షిగా నన్ను పిలిచారు. రోజూ ఆఫీసులో ఇంగ్లీషులోనే ఉత్తరాలు రాసేవాణ్ణి, చదవగానే అర్థమైంది. సెక్రటరీతో ఎందుకొచ్చిన గొడవలే అని నేనూ సంతకం చేశాను. థూ, ఏం బతుకు!

వారానికి సైకిలు వెనక టవర్ మెట్ల కింద దొరికింది. పిల్లాడే పెట్టి మరిచిపోయాడట. కాగితం చించేద్దామంటే మాస్టారు "రికార్డు చించకూడదు" అన్నాడు. పైగా ఆదివారం దాన్నే క్లాసులో చదివాడట, కన్ఫెషన్ ఇలా ఉండాలని. కోటయ్య పేరు కూడా తీసేయలేదని వీణ వచ్చి చెప్పింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, ఇదే.

నెల తిరక్కుండా కోటయ్య మాస్టారింటికి వచ్చాడు. క్లాసు ఇంకా అవలేదు, వీణ కోసం నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఫరీదాబాద్‌లో పని కుదిరిందట. వాళ్లు ఫోన్ చేస్తే రాజగోపాల్ ఆ కాగితం సంగతి చెప్పాడట.

"నాను దొంగని కాదని ఓ ముక్క రాసీండి బాబూ."

మాస్టారు చిరాకుపడ్డాడు. "నిర్దోషివని చెప్పాల్సింది కోర్టు కోటయ్యా. దాన్ని అక్విటల్ అంటారు. ఇవ్వడానికి నేనెవర్ని?"

"మరి దొంగనని రాసినపుడు ఏ కోర్టు సెప్పినాది బాబూ?"

పిల్లల పెన్నులు ఆగిపోయాయి. మాస్టారు బోర్డు వైపు తిరిగి తుడవడం మొదలుపెట్టాడు. కోటయ్య నన్ను చూశాడు.

"తమరు సదివే కదా బాబూ సంతకం పెట్టినారు?"

"నాకంత ఇంగ్లీషు రాదు కోటయ్యా" అన్నాను.

వీణ తలెత్తి నావైపు చూసింది.