రంగం అత్త పండించిన పొట్టి వరి

సాలూరులో పంతులమ్మగా ఉన్న నేను బడికి బయలుదేరుతుండగా మా అత్త పోయిన కబురు వచ్చింది. రాజాం వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరు మా వీధి చివర బండి ఆపి, మా అయ్య పంపిన మాట చెప్పాడు. "రాత్రి మీ అత్త పోయినాది. ఉభాలు మాత్రం ఆపొద్దని సెప్పి మరీ పోయినాదంట. కంగారు పడకండా నిమ్మళంగా రమ్మన్నాడు మీ అయ్య." మా వైపు వరినాట్లని ఉభాలంటాం. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. పోతూ పోతూ కూడా పని పురమాయించి పోయిన మనిషి గురించి ఇంకేం చేయాలో తోచలేదు. రాజాం తిరిగి వెళ్తున్న అదే లారీ ఎక్కి వెళ్లాను.

ఆవిడ మా అయ్యకి అక్క. ఊరందరికీ రంగం అత్త. రంగం అంటే రంగూనని మా జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు, ఇంటికొకరు వెళ్లొచ్చినవాళ్లే. పెళ్లయిన ఏడే మావ వెంట ఓడెక్కి వెళ్లింది. అక్కడ ఏటి ఒడ్డున బియ్యం మిల్లులో మావకి పని. అత్త మనవైపు కూలీలకి పూటకూళ్లు వండేది. ఆ రోజుల్లో రంగం బియ్యం ఎన్నో దేశాలకి వెళ్లేదనీ, ఆ బస్తాలన్నీ మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల భుజాల మీంచే ఓడలోకి ఎక్కేవనీ ఆవిడ గొప్పగా చెప్పేది. ఇంగ్లీషువాళ్లు పోయి జపానువాళ్లు వచ్చారు. మళ్లీ ఇంగ్లీషువాళ్లు వచ్చారు. తర్వాత ఆ దేశంవాళ్లే ఏలుకున్నారు. ఈలోగా మావ పోయాడు. చివరికి సైన్యం గద్దెనెక్కి కొట్లన్నీ లాగేసుకుంటే, అందరితోపాటు ఆవిడా విశాఖపట్నం రేవులో దిగింది. ఒక ఇత్తడి బిందె, ఒక పక్కచుట్ట, అంతే సామాను.

"మారిన దొరలందరినీ సూసినాను. ఎవుడొచ్చినా ముందల బియ్యం గోదాం తాళమే అడిగినాడు," అనేది. రాజ్యాల గురించి ఆవిడ చదువుకున్నదంతా ఆ గోదాం వాకిట్లోనే.

ఆవిడ వచ్చిన మరుసటేడు నుంచి వరసగా వానలు మొహం చాటేశాయి. మా గాదెలో నూకలు కూడా మిగల్లేదు. రేషను షాపులో అమెరికా గోధుమలు ఇచ్చేవారు. అన్నం తప్ప ఎరగని మా ఇళ్లలో వాటిని ఏం చేయాలో ఎవరికి తెలుసు? మా అమ్మ గింజలు గింజలుగానే ఉడకేసి పెట్టింది. నమల్లేక దవడలు నొప్పెట్టాయి. అత్త వాటిని తిరగట్లో వేసి నూకలు చేసి, రాగుల సోడి అంబలిలా జారుగా కాచింది. మిగతా ఆడవాళ్లు వచ్చి చూసి నేర్చుకుని వెళ్లారు.

ఒక సాయంత్రం నేను పత్రిక చదివి వినిపిస్తున్నాను. ఎక్కడో దూరదేశంలో అమెరికావాళ్లు చేస్తున్న యుద్ధం మంచిది కాదని మన ప్రభుత్వం అన్నదట. అందుకు కోపం వచ్చి వాళ్లు గోధుమ ఓడల్ని బిగబట్టి కొద్దికొద్దిగా వదులుతున్నారట. అత్త చేతిలోని గిన్నె కింద పెట్టేసింది.

"మాట అంతే గింజ ఆపేత్తారేటి?" అంది.

అవుననే రాశారన్నాను.

"నా బతుకూ అలగే ఉన్నాది కదే గుంటా. తమ్ముడి గింజ తింతన్నాను, తమ్ముడి ఎదర నోరెత్తలేకపోతన్నాను."

మా అయ్య చెడ్డవాడు కాదు. కానీ ఇంట్లో ఏ సంగతైనా అత్తని అడిగేవాడు కాదు. ఆవిడ చెప్పబోతే "నువ్వు ఊరుకో అప్పా" అనేవాడు, అప్ప అంటే అక్కే. నాకు అది తప్పుగా తోచేది కూడా కాదు. ఆ రోజు తోచింది.

ఆ వేసవిలోనే ఆవిడ నోరెత్తింది. పెళ్లిలో పసుపుకుంకుమల కింద మా తాత ఆవిడ పేర ఒక మడి ఇచ్చాడు. ఆవిడ రంగంలో ఉన్నన్నాళ్లూ దాన్ని మా అయ్యే దున్నుకున్నాడు. మాకు ఉన్నవాటిలో నీటికి ఢోకా లేని మడి అదొక్కటే. ఆ మడి నాకు వదిలెయ్యి, పంచాయతీ సమితి ఆఫీసువాళ్లు పంచుతున్న కొత్త వరి వేస్తానంది. మా అయ్య అదిరిపడ్డాడు. ఆ మడి పోతే ఇంటిల్లిపాదీ మళ్లీ రేషను షాపు ముందు నిలబడాలి.

"తెల్లోడి గోధుమలు సాలవేటి, యిత్తనం కూడా ఆడిదేనా?" అన్నాడు.

అది తెల్లవాడిది కాదనీ, తూర్పు సముద్రంలో మనలాగే అన్నం తినే దీవుల్లో పుట్టిన గింజ అనీ ఆవిడ నచ్చజెప్పింది. రంగం రేవులో ఎన్ని దేశాల బియ్యం చేత్తో నలిపి చూసిందో చెప్పింది. ఆయన వినలేదు. చివరికి ఆవిడ అంది, "పంట పోతే నీ గుమ్మంలో నోరు మూసుకోని బతుకుతాను. పండితే నా కూడు నానే వండుకుంతాను. ఒప్పుకోరా." మా అయ్య ఒప్పుకున్నాడు. ఆవిడ నోరు మూసుకుంటుందన్న ఆశతోనే ఒప్పుకున్నాడని తర్వాత ఆయనే నాతో చెప్పాడు.

నారు పోసిన దగ్గర్నుంచీ తిప్పలే. ఆ ఏడు ఎక్కడో అరబ్బుల దేశంలో యుద్ధం వచ్చి ఓడలు వెళ్లే కాలవ మూసేశారు. ఆ వంకో, మరే వంకో, ఎరువు మాత్రం రావలసిన వేళకి రాలేదు. "గింజ మనకాడికి వచ్చినాది గాని, ఎరువింకా ఓడలోనే ఉన్నాది," అని ఆవిడ చెరువు మట్టీ, పేడా తట్టలకెత్తించి మడిలో పోయించింది. చూడబోతే చేను మోకాలు దాటి పెద్దగా ఎదగలేదు. పక్క మళ్లలో పాతరకం వరి నడుం దాకా ఊగుతుంటే, ఆవిడది పొట్టిగా, బిరుసుగా నిలబడి ఉండేది. రాజాం సంతకి వెళ్లేవాళ్లు పనిగట్టుకుని మా గట్టు మీదుగా వెళ్లి నవ్వుకునేవారు. రంగం నుంచి మరుగుజ్జుల్ని తెచ్చిందన్నారు. అత్తకి కోపం వచ్చేది కాదు. గింజ పట్టిన వెన్ను చూసి మాట్లాడమనేది.

కోతలకి ముందు గాలివాన పట్టుకుంది. రెండు రాత్రులు తలుపు తీయలేకపోయాం. తెల్లారి వెళ్లి చూస్తే ఊరి పల్లమంతా చాప పరిచినట్టు పడుకుని ఉంది. పాతరకం వెన్నులు నీళ్లలో నానిపోతున్నాయి. అత్త మడి మాత్రం లేచి నిలబడి ఉంది. పొట్టిది కాబట్టి గాలికి దొరకలేదు. మా అయ్య గట్టు దిగి, నిలబడ్డ వెన్నుల్ని చేత్తో తడిమి చూశాడు. తర్వాత "అప్పా, కోతకి మనుషుల్ని ఎప్పుడు పిలవమంతావు?" అని అడిగాడు. ఆయన ఆవిడని సలహా అడగడం నేను వినడం అదే మొదలు. అత్త కళ్లు తుడుచుకుని, ఎల్లుండి రమ్మని చెప్పింది.

ఆ గొప్పలో ఒక పొరపాటూ ఉంది, దాన్నీ చెప్పాలి. పొట్టి చేనికి గడ్డి ఎక్కడిది? ధాన్యం ఇంట్లో రాశిగా ఉంది, ఆవు దొడ్లో అరుస్తూ ఉంది. ఇంటి కప్పుకి గడ్డి చాలక మా అయ్య తాటాకులు తెచ్చాడు. అన్నం కూడా బిరుసు, చద్దికి బొత్తిగా పనికిరాలేదు. రేవులో బతికినదాన్ని గడ్డి మాటే మరిచిపోయానని అత్త నలుగురిలోనే ఒప్పేసుకుంది. మరుసటేడు మడిని రెండు చేసి, ఒక పక్క పాతరకమే వేయించింది. ఆవుని కూడా అడిగి వ్యవసాయం చెయ్యాలంటూ మా అయ్య ఏడిపిస్తే తనూ నవ్వింది.

ఆ గాలివాన రోజుల్లోనే ఇంగ్లీషువాళ్లు తమ డబ్బు పౌను విలువ తగ్గించుకున్నారన్న వార్త వచ్చింది. అత్త నమ్మలేదు. పత్రికవాళ్లు తప్పు రాశారంది, నేను తప్పు చదివానంది, పూటంతా అలిగింది. పౌను అంటే ఆవిడకి సూర్యుడు పొడవడం లాంటిది. సాయంత్రానికి తేరుకుని, "అయితే ఆడూ మనలాటోడే అయిపోనాడన్నమాట," అని ఆ దొరల మీద మొదటిసారి జాలిపడింది.

కొత్త ధాన్యం దంపించిన రోజున పెరట్లో వేరే పొయ్యి పెట్టుకుని తన అన్నం తను వండుకుంది. వండి, మా అయ్యని పిలిచి పీట వేసింది. ఆ తర్వాత ఆవిడ వేరు కుంపటి ఎన్నాళ్లో సాగలేదు. మళ్లీ అందరం ఒక్క చోటే తిన్నాం. కాకపోతే ఇంట్లో ఏ మాట వచ్చినా "అప్ప ఏటంతాదో" అనడం మా అయ్యకి అలవాటైంది. ఓడల కోసం రేవుకేసి చూడని రోజు మన దేశానికి తప్పకుండా వస్తుందని అత్త అనేది. తను చూడకపోయినా నేను చూస్తాననేది. అన్ని రాజ్యాలు పడిపోవడం కళ్లారా చూసినా, లేచే రాజ్యం మీద అంత నమ్మకం ఆవిడకి ఎలా ఉండేదో! నాకూ ఆ నమ్మకం పట్టుకుంది. ఆవిడ నాకిచ్చిన ఆస్తి అదే, చాలా పెద్దది.

నేను ఊరు చేరేసరికి దహనం అయిపోయింది. ఇంట్లో కంటే మడి దగ్గరే జనం ఎక్కువ ఉన్నారు. మైలలో ఉన్న మా అయ్య గట్టు మీద నిలబడ్డాడు. ఆవిడ ఆకుమడిలో ఆడవాళ్లు నారు తీసి కట్టలు కడుతున్నారు. పరామర్శకి వచ్చినవాళ్లు కాసేపు కూర్చుని, తలా రెండు కట్టలు ఇప్పించమని అడుగుతున్నారు. ఆ పొట్టి వరికి ఆఫీసువాళ్లు పెట్టిన అంకెల పేరు ఎవరికీ నోరు తిరగడం లేదు.

"ఈ వరి పేరేటి మావా?" అని ఒక కుర్రవాడు అడిగాడు.

"మా అప్ప వరి," అన్నాడు అయ్య. చేత్తో సైగ చేసి, తీసుకెళ్లమన్నాడు. సన్నగా వాన మొదలైంది. పచ్చటి కట్టలు తలల మీద పెట్టుకుని జనం గట్ల వెంట నాలుగు వైపులకీ వెళ్తున్నారు. నీళ్లు కారుతున్న ఆ కట్టలు పల్లం ఆ చివరి దాకా కనబడుతూనే ఉన్నాయి.