యారో

యుద్ధం మొదలైన మరుసటి ఏడు, ఉగాదికి ముందు, హిందూపురంలో రైలెక్కాను. ఎదురు బల్ల మీద ఒక తెల్లాయన కూర్చుని ఉన్నాడు. ఇంగ్లీషు అతనికీ నాకూ అంతంతమాత్రమే, అందుకే మాకు బాగా కుదిరింది. తనది చెక్ దేశమనీ, దాన్ని జర్మన్లు ఆక్రమించారనీ, ఇక ఇంటికి పోలేననీ చెప్పాడు.

మాట మార్చాలని, వాళ్ల భాష కాస్త నేర్పమన్నాను. హిందూపురం వాణ్ణి, తెలుగూ కన్నడమూ పుట్టుకతో వచ్చాయి, ఇంకొకటి నాకో లెక్కా? అతను కిటికీలోంచి ఆకాశం చూపించి "పర్షీ" అన్నాడు. వాన పడుతోందని అర్థమట. ఆ మాట మా సీమలో పెద్దగా పనికిరాదన్నాను. నవ్వాడు. ఎండాకాలం "లేటో", చలికాలం "జిమా". పెనుకొండ వచ్చేలోపు అన్నీ తడుముకోకుండా ఒప్పజెప్పాను.

చివరికి "యారో" అన్నాడు. అంటే వసంతం. వాళ్ల ఊళ్లో ఇప్పుడు అదేనట.

నా పక్కనున్న అవ్వ చటుక్కున తల తిప్పింది. కన్నడంలో యారో అంటే ఎవరో అని.

"ఏమప్పా, ఎవురో వస్తారని ఈయప్ప ఎదురు చూస్తాండాడా? యాడుండారంట వాళ్లు?" అని నన్నడిగింది.

నేను నవ్వుతూనే ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. అతను నవ్వలేదు. అవ్వకు రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. ధర్మవరంలో దిగిపోయాడు.

ఇప్పటికీ వేపపూత వాసన రాగానే "యారో వచ్చింది" అంటాను. మా ఆవిడకు సంగతంతా తెలుసు. అయినా లేచి వెళ్లి తలుపు తీస్తుంది.