మాయమైన తొమ్మిదో వంతు

ఆఫీసులో ఆమెను అందరూ బిందువులమ్మ అంటారు. నీళ్ళంటే చిన్నప్పటి నుంచీ ప్రాణభయం. బావిలోకి తొంగి చూడాలన్నా తమ్ముడి చొక్కా పట్టుకునేది. అలాంటి మనిషి పదకొండేళ్ళుగా కంప్యూటర్లో నీళ్ళతోనే కాపురం చేస్తోంది. తమ్ముడు సరేసరి, ఆనకట్ట గేట్లెత్తే ఉద్యోగంలో కుదిరాడు.

ఆమె పద్ధతిలో నీళ్ళంటే లక్షల బిందువులు. దగ్గరున్నవాటిని వలలా ముడివేసి, గేటు మీద ఎంత ఒత్తిడి పడుతుందో, గేటు ఎంత వంగుతుందో లెక్కకట్టాలి. నీరు కదలగానే ఆ వల విప్పి మళ్ళీ అల్లాలి. ఎంత దూరం దాటితే ముడి వేయకూడదో ఆమే చెప్పాలి. చివర్లో నీళ్ళన్నీ కూడి, మొదట పోసినన్నీ ఉన్నాయో లేదో చూసుకోవడం ఆమె అలవాటు.

"పాలు కొలిచినట్టు ఏంటమ్మా ఆ కొలత?" అని పక్క సీటాయన ఎగతాళి చేసేవాడు.

ఈసారి కొలవలేదు. "త్వరగా తేల్చక్కా, కొత్త గేటు పరీక్షకి దాని మీద నిలబడేది నేనే" అని తమ్ముడు ప్రాణం తోడేశాడు. తెర మీద గేటు కాస్త వణికి ఆగింది. గేటు భద్రమేనని ఆమె సంతకం పెట్టేసింది.

పరీక్ష రోజు పదిన్నరకు, మనసాగక కూడి చూసింది. తొమ్మిదో వంతు నీళ్ళు లేవు! దూరం మరీ తక్కువ పెట్టింది. ముడిపడని బిందువులన్నీ లెక్కలోంచి జారిపోయాయి. నీళ్ళు తగ్గాయి కాబట్టే గేటు ఆగింది. పరీక్ష పదకొండింటికి.

తమ్ముడికి ఫోన్ చేస్తే తీయడు. మళ్ళీ చేసినా తీయడు. ఆరోసారికి తీశాడు.

"గేటెత్తకు. కిందికి దిగిపో."

"నువ్వేగా సంతకం పెట్టావ్?"

"తప్పు పెట్టానురా. నీకు దణ్ణం పెడతా, దిగు!"

పరీక్ష ఆగింది. మేనేజరు నలుగురిలో చీవాట్లు పెట్టాడు. అవన్నీ విని, దూరం సరిచేసి, లెక్క మళ్ళీ నడిపించింది. మూడింటికి తేలింది. ఈసారి చుక్క నీరు పోలేదు. తెర మీద గేటు వణకడం మొదలుపెట్టి ఆగలేదు. మెలితిరిగి, పైనున్న నడకదారిని కూడా లాక్కుపోయింది.

వాడు నిలబడాల్సింది ఆ నడకదారి మీదే. వెంటనే ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావురా?"

"ఒడ్డున. టీ తాగుతున్నానక్కా."

"ఎక్కడ?"

"ఒడ్డునే. ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆమె మళ్ళీ అడిగింది.